కొర్రమీను గాలపు వేట

కొర్రమీను గాలపు వేట అనగా చెరువులు, కుంటలు, కాలువలలో నివసించే కొర్రమీను అనే మంచినీటి చేపను గాలంతో పట్టడం. ఇది తెలుగునాట కొందరికి జీవనోపాధి, మరికొందరికి సెలవుదినపు కాలక్షేపం. గాలం వేసే ప్రతివారికి, తాము అంతవరకు పట్టిన చేపలలో అతి పెద్దది ఒకటి జ్ఞాపకం ఉంటుంది. దానిని ఈ క్రీడలో పర్సనల్ బెస్ట్ అంటారు. ఈ వ్యాసంలో దానిని స్వీయ రికార్డు అని వ్యవహరించడమైనది.

హైదరాబాదు నగరంలోని హైటెక్ సిటీ, సైబరాబాదు ప్రాంతపు చెరువులను ఉదాహరణగా తీసుకొని, పెద్ద కొర్రమీనును వెదకడం, పట్టడం, కొలవడం, తిరిగి నీటిలో విడవడం గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. పెద్ద చేప దొరకడానికి అదృష్టం కంటె, అది ఊపిరి తీసే తీరు, పిల్లలను కాచే తీరు తెలిసి ఉండడం ముఖ్యం. ఈ రెండు సంగతులు తెలిసినవారు దానిని పట్టగలరు. పట్టిన తరువాత దానిని ఎందుకు విడవాలో కూడా ఈ రెండు సంగతులే చెబుతాయి.

పేర్లు, గుర్తింపు

కొర్రమీను శాస్త్రీయ నామం చన్నా స్ట్రయేటా. ఇది చన్నిడే కుటుంబానికి చెందినది. కొన్ని ప్రాంతాలలో దీనిని కొర్రమట్ట అని కూడా అంటారు. తమిళంలో విరాల్, మలయాళంలో వరాల్ అనే పేర్లు ఉన్నాయి. హైదరాబాదు చేపల బజారులో మరెల్ అనే మాట కూడా వినిపిస్తుంది. 2016 లో తెలంగాణ ప్రభుత్వం కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది.

దీని శరీరం గుండ్రని కర్ర వలె పొడవుగా ఉంటుంది. తల చదునుగా, పెద్ద పొలుసులతో పాము తలను పోలి ఉంటుంది. అందువలననే ఆంగ్లంలో ఈ కుటుంబపు చేపలకు పాముతల చేపలు అనే అర్థం వచ్చే పేరు ఏర్పడింది. నోరు వెడల్పైనది, దంతాలు పదునైనవి. వీపు మీది రెక్క తల వెనుక నుండి తోక దగ్గర వరకు సాగి ఉంటుంది. వీపు నలుపు, పొట్ట తెలుపు. ప్రక్కలలో ఏటవాలు చారలు కనబడతాయి. తోక గుండ్రంగా ఉంటుంది.

ఇదే ప్రజాతిలో మన చెరువులలో కనబడే మరి రెండు చేపలను కొర్రమీనుగా పొరబడే అవకాశం ఉన్నది. మట్టగిడస చాలా చిన్నది, శరీరం మీద చుక్కలు ఉంటాయి. పూమీను కొర్రమీను కంటె పెద్దదిగా పెరుగుతుంది. లేత పూమీనులో తోక మొదట కంటి వంటి మచ్చ స్పష్టంగా కనబడుతుంది. స్వీయ రికార్డు వ్రాసుకొనేవారు మొదట చేప జాతిని సరిగా గుర్తించాలి.

అమెరికా బాసు చేపతో పోలిక

గాలపు క్రీడకు సంబంధించిన పుస్తకాలు, చలనచిత్రాలు చూసేవారికి లార్జ్‌మౌత్ బాసు అనే చేప పేరు తరచుగా ఎదురవుతుంది. ఇది ఉత్తర అమెరికాకు చెందిన మంచినీటి చేప. మన చెరువులలో సహజంగా లేదు. దీని ప్రపంచ రికార్డు గురించి చెప్పుకోదగిన కథ ఒకటి ఉన్నది. 1932 జూన్ 2 న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ సుమారు 10.09 కిలోల బాసును పట్టాడు. 77 సంవత్సరాల తరువాత, 2009 జూలై 2 న, జపాన్ లోని బివా సరస్సులో మనాబు కురిటా సుమారు 10.12 కిలోల చేపను పట్టాడు. పాత రికార్డును దాటడానికి నిబంధనల ప్రకారం అవసరమైనంత తేడా లేకపోవడం వలన ఇద్దరినీ సమాన రికార్డు కలవారిగా గుర్తించారు. కొలత విషయంలో ఈ క్రీడ ఎంత కచ్చితంగా ఉంటుందో దీని వలన తెలుస్తుంది.

వేట స్వభావంలో మన కొర్రమీను ఈ బాసుకు దగ్గరి పోలిక కలది. రెండూ నీటి మొక్కల నీడలో కదలకుండా ఉండి, దగ్గరకు వచ్చిన కప్పను, చేపను హఠాత్తుగా మింగుతాయి. రెండూ సంతానాన్ని కాపలా కాస్తాయి. బాసు కొరకు తయారైన రబ్బరు కప్ప ఎర మన కొర్రమీనుకు కూడా పనిచేయడానికి కారణం ఇదే. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉన్నది: బాసు నీటిలోని ప్రాణవాయువుతోనే జీవిస్తుంది, కొర్రమీను గాలిని కూడా పీల్చుకుంటుంది.

మన ప్రాంతపు చెరువులలో గాలం వేయడం గురించిన వ్రాతలు కొత్తవి కావు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873 లో ది రాడ్ ఇన్ ఇండియా అనే గ్రంథాన్ని, 1887 లో ప్రత్యేకంగా చెరువుల వేట గురించి ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా అనే గ్రంథాన్ని ప్రచురించాడు.

జీవన విధానం

గాలి పీల్చడం

కొర్రమీను తలలో, మొప్పలకు పైభాగాన, గాలి నింపుకొనే గదుల వంటి ప్రత్యేక అవయవం ఉంటుంది. చేప నీటిపైకి వచ్చి, నోటితో గాలిని తీసుకొని, తిరిగి క్రిందికి వెళుతుంది. ఎదిగిన కొర్రమీనుకు ఇది తప్పనిసరి. పైకి రానీయకుండా నీటిలోనే ఆపివేస్తే, ఊపిరి అందక మరణిస్తుంది. ఈ అవయవం వలననే అది ప్రాణవాయువు తక్కువగా ఉన్న మురికి నీటిలో బ్రతుకుతుంది, తడి నేల మీద కొంతదూరం ప్రాకి మరొక గుంటను చేరుతుంది, ఎండిపోయే చెరువులో తడి బురద క్రింద కొంతకాలం తల దాచుకుంటుంది. చేపల బజారులో దీనిని తొట్లలో కొద్దిపాటి నీటితో ప్రాణాలతోనే ఉంచి అమ్మగలగడానికి కూడా కారణం ఇదే.

ఆహారం

పిల్లలుగా ఉన్నపుడు సూక్ష్మజీవులను, పురుగులను తింటుంది. పెరిగిన తరువాత చేపలు, కప్పలు, తోకకప్పలు, రొయ్యలు దీని ఆహారం. ఇది ఎక్కువ దూరం వెంటాడదు. చాటున ఉండి, ఎర అందుబాటులోకి రాగానే ఒక్కసారి దూకుతుంది.

సంతానం

వానాకాలం దీనికి ముఖ్యమైన సంతానోత్పత్తి కాలం. ఆడ, మగ చేపలు జతగా చేరి, లోతు తక్కువగా ఉండి మొక్కలున్న చోట, కొంత భాగాన్ని చదును చేసి గూడు వంటి దానిని ఏర్పాటు చేసుకుంటాయి. తేనె రంగులో ఉండే గ్రుడ్లు నూనె బిందువు వలన నీటిపై తేలుతాయి. సుమారు ఒకటి రెండు రోజులలో పిల్లలు బయటకు వస్తాయి. ఎర్రటి లేక నారింజ రంగులో ఉండే వందలాది పిల్లలు ఒకే గుంపుగా, నీటిపై ఎర్రని తివాచీ కదిలినట్లు తిరుగుతాయి. తల్లిదండ్రులు గుంపు క్రిందనే ఉండి, కొన్ని వారాల పాటు వాటిని కాపాడతాయి. దగ్గరకు వచ్చిన చేపను గాని, కప్పను గాని ఆకలి లేకపోయినా తరిమికొడతాయి.

సైబరాబాదు చెరువులు

హైటెక్ సిటీ ప్రాంతం రాతిగుట్టలు, వాటి మధ్య గొలుసుకట్టుగా ఏర్పరచిన చెరువులు గల నేల. 1998 నవంబరు 22 న సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఇక్కడి పొలాలు, గుట్టలు శీఘ్రంగా భవనాలుగా మారాయి. చెరువులు మాత్రం, చిక్కిపోయినప్పటికీ, చాలావరకు ఇంకా ఉన్నాయి.

వీటిలో ప్రసిద్ధమైనది మాదాపూర్, జూబ్లీహిల్స్ ల మధ్య ఉన్న దుర్గం చెరువు. గుట్టల మధ్య మరుగున ఉండడం వలన దీనికి రహస్య చెరువు అనే పేరు కూడా వచ్చింది. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ కోటకు ఇక్కడి నుండి నీరు వెళ్ళేదని చెబుతారు. 2020 సెప్టెంబరు 25 న దీని మీద తీగల వంతెన ప్రారంభమైనది. రాయదుర్గం వద్ద మల్కం చెరువు, ఖాజాగూడ వద్ద పెద్ద చెరువు, శేరిలింగంపల్లి వద్ద గోపి చెరువు, నల్లగండ్ల చెరువు, మాదాపూర్ లోని తమ్మిడికుంట ఈ ప్రాంతపు ఇతర జలాశయాలు.

ఈ చెరువులకు ఉన్న సమస్యలు మూడు. మొదటిది ఆక్రమణ. దీనిని అరికట్టే బాధ్యతలతో 2024 జూలైలో హైడ్రా అనే సంస్థ ఏర్పడింది. ఆ సంవత్సరం ఆగస్టులో తమ్మిడికుంట వద్ద ఆక్రమణలుగా పేర్కొన్న నిర్మాణాలను అది తొలగించింది. రెండవది మురుగునీరు. మూడవది, మురుగుతో బలిసి నీటిని కప్పివేసే గుర్రపుడెక్క. ఎండాకాలపు తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గిపోయి, బొచ్చె, రోహు వంటి చేపలు తేలి చనిపోవడం నగరపు చెరువులలో జరుగుతూ ఉంటుంది. గాలి పీల్చగల కొర్రమీను అటువంటి రోజున కూడా బ్రతికి బయటపడవచ్చును. కనుక ఒక చెరువులో కొర్రమీను ఉన్నంత మాత్రాన ఆ నీరు మంచిదని భావించరాదు.

పెద్ద చేపను వెదకడం

స్థలం

దక్కను చెరువులో కట్ట వైపు లోతు ఎక్కువ. నీరు వచ్చి చేరే వైపు, అనగా శిఖం భూమి వైపు, లోతు తక్కువ, మొక్కలు ఎక్కువ. కొర్రమీను సాధారణంగా ఈ రెండవ వైపున ఉంటుంది. జమ్ము, తామర, కలువ, గుర్రపుడెక్క పెరిగిన చోట, మొక్కల గుంపు ముగిసి తేటనీరు మొదలయ్యే అంచును మొదట పరిశీలించాలి. మొక్కల మధ్య పళ్ళెమంత ఖాళీ ఉన్నా అది చేప ఊపిరి తీసే కిటికీ కావచ్చు. రాళ్ళ సందులు, మునిగిన చెట్టు కొమ్మలు, తూము దగ్గరి నీడ కూడా మంచి స్థలాలు.

ఊపిరిని గమనించడం

గాలం వేయడానికి ముందు అరగంట సేపు కూర్చొని నీటిని చూడడం అలవాటు చేసుకోవాలి. కొర్రమీను పైకి వచ్చినపుడు గుబుక్కుమని చిన్న శబ్దం, ఒక గుండ్రని అల, తరువాత కొన్ని బుడగలు కనబడతాయి. ఆ చోటును, సమయాన్ని చిన్న పుస్తకంలో వ్రాసుకోవాలి. స్థిరంగా ఒకచోట ఉన్న చేప కొన్ని నిమిషాల తరువాత అక్కడికి దగ్గరలోనే మళ్ళీ పైకి వస్తుంది. చిన్న చేప చిటుక్కుమని నీటిని తాకి పోతుంది. పెద్ద చేప నిదానంగా, బరువుగా వచ్చి, వెడల్పైన అలను వదలి వెళుతుంది. ఈ తేడా కొద్దిరోజుల పరిశీలనతో తెలుస్తుంది. పెద్ద చేపను ఆశించేవారు చిన్న అలలను విడిచి, పెద్ద అల కొరకు వేచి ఉండాలి.

కాలం

ఉదయం తొలి వెలుగులోను, సాయంత్రం ప్రొద్దు వాలే వేళలోను చేప చురుకుగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజున పగలంతా వేటాడవచ్చు. ఎండాకాలంలో నీరు తగ్గి చేపలు కొద్ది చోటులోనే చేరడం వలన వెదకడం సులభం, కాని అవి బలహీనంగా ఉండే అవకాశం ఉన్నది. వానలు మొదలైన తరువాత సంతానోత్పత్తి కాలం వస్తుంది, ఆ కాలపు నియమాన్ని క్రింద చూడండి. వానాకాలం ముగిసి, నీరు తేరుకొని, పిల్లలు విడిపోయిన తరువాతి నెలలు స్వీయ రికార్డు కొరకు ప్రయత్నించడానికి అన్ని విధాల తగినవి.

సాధనాలు

పల్లెలలో వాడే వెదురు కర్ర, దారం, బెండు, గాలం, వానపాము చాలు. వాటితో కూడా పెద్ద చేపలు పడ్డాయి. నేడు రీలుతో కూడిన కర్రలు దొరుకుతున్నాయి. మొక్కల మధ్య నుండి చేపను లాగవలసి ఉంటుంది కనుక ఈ క్రింది విషయాలు గమనించాలి.

* కర్ర: ఆరున్నర నుండి ఏడు అడుగుల పొడవు, కొంచెం గట్టిది. మెత్తని కర్రతో చేపను మొక్కలలోకి పోకుండా ఆపడం కష్టం.
* దారం: అల్లిన దారం, 30 నుండి 50 పౌండ్ల బరువును ఆపగలిగినది. సన్నని దారం తెగితే, గాలం నోటిలో గుచ్చుకొనే చేప తప్పించుకుపోతుంది. అది క్రీడ కాదు.
* చివరి మూర: చేప పండ్లకు తెగని మందపాటి నైలాను దారం లేక సన్నని తీగ.
* ఎర: లోపల బోలుగా ఉండే రబ్బరు కప్ప. దీని రెండు గాలాలు పైవైపుకు, రబ్బరు వీపుకు ఆనుకొని ఉండడం వలన మొక్కలకు తగులుకోవు. చేప నోటితో నొక్కినపుడే గాలం బయటపడుతుంది. బ్రతికి ఉన్న కప్పను గాలానికి గుచ్చడం క్రూరమైన పని, అనవసరం కూడా.
* ఎదురుముల్లు: గాలపు కొన వెనుక ఉండే ఎదురుముల్లును పట్కారతో నొక్కివేయాలి. దారాన్ని సడలనీయకపోతే చేప తప్పించుకోదు. తరువాత గాలం తీయడం తేలిక అవుతుంది.
* వెడల్పైన వల బుట్ట, పొడవు ముక్కు గల పట్కార, కొలత టేపు, చిన్న త్రాసు.

వేట పద్ధతి

గట్టు మీద మెల్లగా నడవాలి. పాదాల అదురును చేప శరీరపు ప్రక్కగీతలోని జ్ఞానేంద్రియం ద్వారా పసిగడుతుంది. సూర్యుడు వెనుక ఉంటే మన నీడ నీటి మీద పడుతుంది, కనుక నిలబడే చోటును ముందే ఎంచుకోవాలి.

ఎరను చేప నెత్తిన వేయరాదు. అల కనబడిన చోటుకు రెండు మూడు గజాల అవతల వేసి, కప్ప ఈదినట్లు చిన్న చిన్న గెంతులతో ఆకుల మీదుగా తీసుకురావాలి. ఖాళీ వచ్చిన చోట ఆపాలి. కొర్రమీను చాలాసార్లు ఎర కదులుతున్నపుడు గాక, ఆగినపుడు పట్టుకుంటుంది. ఎర వెనుక ఆకులు కదిలితే చేప వెంట వస్తున్నదని అర్థం. అప్పుడు వేగం మార్చకూడదు.

క్రొత్తవారు ఎక్కువగా చేసే తప్పు తొందరపాటు. నీరు చిందగానే కర్రను గుంజితే ఎర నోటి నుండి జారి వస్తుంది. చేప ఎరను పట్టిన తరువాత తల త్రిప్పి క్రిందికి పోతుంది. దారం బిగిసే వరకు, మనసులో ఒకటి, రెండు అని లెక్కించి, తరువాత గట్టిగా పైకి లాగాలి. ఆ వెంటనే చేపను మొక్కల పైకి తెచ్చి, ఆపకుండా గట్టుకు చేర్చాలి. ఎక్కువసేపు ఆడించడం వీరత్వం కాదు. మొక్కలలో చుట్టుకుపోయి పైకి రాలేని కొర్రమీనుకు ఊపిరి అందదని గుర్తుంచుకోవాలి.

చేప ఎరను తప్పితే, అదే ఎరను వెంటనే అదే చోట వేయకుండా, అది మరొకసారి ఊపిరి తీసే వరకు ఆగి ప్రయత్నించడం మంచిది.

కొలత, నమోదు

పొడవును ముక్కు కొన నుండి తోక చివరి వరకు, తడిపిన సమతలం మీద కొలవాలి. బరువును వల బుట్టతో కలిపి తూచి, తరువాత బుట్ట బరువును తీసివేయాలి. తేదీ, వేళ, నీటి స్థితి, వాడిన ఎర కూడా వ్రాసుకుంటే, తరువాతి సంవత్సరాలలో ఆ పుస్తకమే మంచి గురువు అవుతుంది.

విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న గణితాన్ని గమనించవచ్చు. ఆకారం మారకుండా చేప పెరిగితే, దాని బరువు పొడవు యొక్క ఘనానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. 40 సెంటీమీటర్ల చేప కంటె 50 సెంటీమీటర్ల చేప పొడవులో నాలుగవ వంతు మాత్రమే ఎక్కువ. కాని బరువులో అది 1.25 × 1.25 × 1.25, అనగా సుమారు 1.95 రెట్లు ఉంటుంది. ఒక జానెడు కూడా లేని తేడా కొరకు గాలం వేసేవారు ఏళ్ళ తరబడి ఎందుకు ఎదురుచూస్తారో దీని వలన అర్థమవుతుంది. కొర్రమీను 1 మీటరు వరకు పెరగగలదని గ్రంథాలు చెబుతున్నప్పటికీ, నగరపు చెరువులో 60 సెంటీమీటర్ల చేపను గొప్పదిగానే భావించాలి.

విడిచిపెట్టడం

చేతులు తడుపుకొని చేపను పట్టుకోవాలి. పొడి చేయి, వేడి సిమెంటు గట్టు దాని ఒంటి జిగురును పోగొడతాయి. ఆ జిగురు వ్యాధుల నుండి చేపను కాపాడే కవచం. కొర్రమీను గాలి పీల్చగలదు కదా అని నేల మీద పొర్లనీయకూడదు. దాని పొట్ట క్రింద ఒక చేయి, తోక మొదట మరొక చేయి ఉంచాలి. మొప్పలలో వేలు పెట్టరాదు. ఛాయాచిత్రం తీయదలచితే గాలం తీయడానికి ముందే కెమెరాను సిద్ధం చేసుకోవాలి. విడిచేటపుడు నీటి అంచున నిలిపి, అది తనంతట తాను పోయే వరకు ఆగాలి. పట్టిన చెరువులోనే విడవాలి. వేరొక చెరువుకు తీసుకుపోతే వ్యాధులు కూడా దానితో వెళ్ళవచ్చు.

ఈ విషయంలో అమెరికా అనుభవం మనకు తలక్రిందులుగా కనబడుతుంది. 2002 లో మేరీలాండ్ రాష్ట్రంలోని క్రాఫ్టన్ వద్ద ఒక కుంటలో కొర్రమీను కుటుంబానికి చెందిన చైనా ప్రాంతపు జాతి బయటపడింది. అక్కడి జీవులకు హాని కలుగుతుందని ఆ కుంటలో మందు కలిపి చేపలన్నిటినీ చంపారు. అదే సంవత్సరం ఈ కుటుంబపు సజీవ చేపల దిగుమతిని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. అయినా 2004 నాటికి ఆ జాతి పోటోమాక్ నదిలో కనబడింది. అక్కడ పాముతల చేపను పట్టినవారు తిరిగి విడవవద్దని కోరతారు. అక్కడ అది పరదేశి, ఇక్కడ స్వదేశి. ఇక్కడి నీటిలో పరదేశులు తిలాపియా, ఆఫ్రికా మార్పు చేప వంటివి. వాటి మధ్య మిగిలిన పెద్ద కొర్రమీనును తిరిగి చెరువుకు ఇవ్వడం సమంజసం.

పిల్లల గుంపు మీద గాలం వేయవచ్చునా?

ఎర్రని పిల్లల గుంపు నడుమ కప్ప ఎరను వేస్తే, క్రింద ఉన్న తల్లి గాని తండ్రి గాని తప్పక దాడి చేస్తుంది. పెద్ద చేపను పట్టడానికి ఇది అన్నిటికంటె సులభమైన ఉపాయం. చాలామంది స్వీయ రికార్డులు ఈ విధంగానే వచ్చి ఉంటాయనడంలో సందేహం లేదు. ఈ పద్ధతిని సమర్థించేవారు, పట్టిన వెంటనే విడిచిపెడితే నష్టం లేదని వాదిస్తారు.

అయితే ఆ కొద్ది నిమిషాలలోనే కాపలా లేని గుంపు మీద ఇతర చేపలు, కొంగలు పడతాయి. అలసిన చేప మళ్ళీ తన గుంపును చేరుకుంటుందన్న నమ్మకం లేదు. పైగా పెద్ద ఆడ చేప చిన్నదాని కంటె ఎక్కువ గ్రుడ్లు పెడుతుంది. కనుక చెరువుకు ఎక్కువ విలువైన చేప, గాలం వేసేవారు ఎక్కువగా కోరుకొనే చేప ఒకటే. అదికాక, ఆకలితో గాక బిడ్డల కొరకు ఎదురు తిరిగిన చేపను పట్టడంలో నేర్పు కూడా లేదు. ఎర్రని గుంపు కనబడితే గాలాన్ని చుట్టుకొని మరొక వైపుకు వెళ్ళడం ఈ క్రీడలో పాటించదగిన మొదటి నియమం.

ఇక్కడ మన ఆచారం ఒకటి గమనించదగినది. దాదాపు జూన్ మొదటి వారం చివర వచ్చే మృగశిర కార్తె ప్రవేశం నాడు చేపలు తినడం తెలంగాణలో ఆనవాయితీ. ఆనాడు కొర్రమీనుకు గిరాకీ, ధర పెరుగుతాయి. ఆ రోజులలోనే ఉబ్బసానికి బత్తిని కుటుంబం హైదరాబాదులో పంపిణీ చేసే చేప ప్రసాదంలో కూడా కొర్రమీను పిల్లనే వాడతారు. దానితో ఉబ్బసం నయమవుతుందనడానికి శాస్త్రీయ నిరూపణ లేదు. తొలకరి వానతో చెరువులోని కొర్రమీను జత కట్టే కాలం కూడా దాదాపు ఇదే. పెంపకపు చెరువుల చేపతో ఆచారాన్ని పాటించి, ఆ నెలలలో సహజమైన చెరువులను వదిలివేస్తే రెండూ నిలుస్తాయి.

అనుమతి, చట్టం

చెరువు అందరిదీ అయినా అందులోని చేప అందరిదీ కాదు. తెలంగాణలో చాలా చెరువులలో చేపలు పట్టే హక్కు స్థానిక మత్స్యకారుల సహకార సంఘాలకు ఉంటుంది. 2016 నుండి ప్రభుత్వం చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకాన్ని చేపట్టింది. ఆ చేప మత్స్యకారుల జీవనాధారం. కనుక సంఘం వారిని అడిగి, వారి మాట ప్రకారం నడుచుకోవాలి. ఉద్యానవనాలుగా మార్చిన చెరువుల వద్ద నిర్వాహకుల అనుమతి తీసుకోవాలి. అనుమతి లేదంటే, రుసుము తీసుకొని గాలం వేయనిచ్చే ప్రైవేటు చెరువులకు వెళ్ళడం ఉత్తమం. పేలుడు పదార్థాలతోను, విషంతోను చేపలను చంపడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరంగా పేర్కొన్నది.

తినవచ్చునా?

కొర్రమీను ముళ్ళు తక్కువగా ఉండే రుచికరమైన చేప. అయితే మురుగునీరు, పరిశ్రమల వ్యర్థాలు చేరే నగరపు చెరువులోని చేపను తినకపోవడమే మంచిది. ఇతర చేపలను తిని బ్రతికే చేప శరీరంలో పాదరసం వంటి లోహాలు క్రమంగా పోగుపడతాయి. చేప ఎంత పెద్దదైతే, ఎంత వయసుదైతే, అది అంత ఎక్కువగా పోగుచేసుకొని ఉంటుంది. వండినంత మాత్రాన లోహాలు పోవు. కనుక నగరపు చెరువులో స్వీయ రికార్డు చేప పళ్ళెంలోకి తగినది కాదు.

జాగ్రత్తలు

* ఒంటరిగా వెళ్ళరాదు. గుర్రపుడెక్క క్రింద లోతు, బురద కనబడవు. చేప కొరకు గాని, చిక్కుకున్న ఎర కొరకు గాని నీటిలోకి దిగకూడదు.
* కార్బను కర్రలో విద్యుత్తు ప్రవహిస్తుంది. కరెంటు తీగల క్రింద గాలం విసరరాదు. ఉరుము వినబడితే కర్రను పక్కన పెట్టి గట్టును వదలి వెళ్ళాలి.
* నడక దారిలో మనుషులు ఉన్నపుడు వెనుకకు చూడకుండా విసరరాదు.
* గాలం శరీరంలో గుచ్చుకుంటే ధనుర్వాతపు సూది మందు విషయమై వైద్యుని సంప్రదించాలి. మురుగునీరు తగిలిన చేతులను సబ్బుతో కడుగుకోవాలి.
* తెగిన దారాన్ని గట్టున వదలరాదు. కొంగలు, నీటికాకులు దానిలో చిక్కుకొని చనిపోతాయి. చేతి సంచిలో ఇంటికి తీసుకుపోవాలి.

ప్రాముఖ్యత

హైటెక్ సిటీలో పనిచేసేవారిలో చాలామంది వేరే ఊళ్ళ నుండి వచ్చినవారు. రోజూ తాము దాటిపోయే చెరువు పేరు కూడా వారిలో కొందరికి తెలియదు. గాలం పట్టుకొని నీటి ప్రక్కన కూర్చున్నవానికి మాత్రం ఆ చెరువులోకి నీరు ఎటు నుండి వస్తున్నదో, మురుగు కాలువ ఎక్కడ కలుస్తున్నదో, ఈ సంవత్సరం జమ్ము ఎంత తగ్గిందో తెలుస్తుంది. చెరువు అంచున మట్టి పోసినపుడు మొదట గమనించేది కూడా అతడే. అటువంటి విషయాలను అధికారుల దృష్టికి తీసుకుపోవడం గాలం వేసేవారు చెరువుకు చేయగల సేవ. ప్రతి కొర్రమీను వెనుక దానిని కొన్ని వారాలు కాచిన ఒక జత, అవి గూడు కట్టుకున్న లోతు తక్కువ అంచు ఉంటాయి. చెరువు చుట్టూ నిలువు గోడలు కట్టి ఆ అంచును పోగొడితే, నీరు ఉన్నా పెద్ద చేప ఉండదు.

ఇవి కూడా చూడండి

* కొర్రమీను
* దుర్గం చెరువు
* మృగశిర కార్తె
* గొలుసుకట్టు చెరువులు
* గుర్రపుడెక్క